బండిలో కాపురం

కొండకి బయలుదేరడానికి పది రోజుల ముందు, ఏప్రిల్ నడిమిలో, హైదరాబాద్ పక్కన ఇబ్రహీంపట్నంలో మా మిద్దె మీది ట్యాంకు వాల్వు కట్టేశాను. వాకిట్లో నీలం డ్రమ్ము పెట్టి సరిగ్గా 120 లీటర్లు నింపాను. పది లీటర్లకొక గీత చొప్పున మార్కర్‌తో గీశాను. తాగడానికీ వంటకీ వేరే క్యాన్లు పెట్టి, మిగతా అన్నిటికీ రేపు రాత్రి దాకా ఇవే నీళ్లని అందరికీ చెప్పాను. మేం ఐదుగురం. నేను, మా ఆయన, అత్తమ్మ, పదో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న పెద్దోడు, ఏడు చదువుతున్న చిన్నది. అత్తమ్మ డ్రమ్ము చుట్టూ ఒకసారి తిరిగొచ్చి, "నీళ్లు కొనుక్కొని తాగుడు సూసిన గని బిడ్డా, గీతలు గీసి తానం జేసుడు ఇప్పుడే సూస్తున్న" అంది.

మర్నాడు మధ్యాహ్నానికే డ్రమ్ము అడుగంటింది. ఎవర్నీ ఏమీ అనలేదు. కాగితం తీసి లెక్క రాయించాను. పెద్దోడి స్నానానికే 40 లీటర్లు పోయాయి. గిన్నెలకి నేను పోసినవి 30. చిన్నది పళ్లు తోముకుంటూ ఎన్ని చెంబులు ఒంపేసిందో దానికే తెలియదు. అత్తమ్మ మాత్రం ఒక్క బకెట్టుతో గడుపుకుంది. చిన్నప్పుడు చేంతాడేసి బాయిలో నుంచి తోడి, నెత్తిన బిందె పెట్టుకుని ఇంటికి మోసిన మనిషి ఆమె. నీళ్ల బరువు ఆమెకి మాకంటే బాగా తెలుసు.

వేసవి సెలవుల్లో మోటార్‌హోమ్ తీసుకుని కొండ మీద కొన్నాళ్లు ఉండి రావాలనుకునే కుటుంబాల కోసం ఈ అధ్యాయం. మేం అరకులోయ పక్కన పంతొమ్మిది రోజులు అలా ఉన్నాం. ఆ పంతొమ్మిది రోజుల్లో నాకు తెలిసొచ్చిన సంగతి ఒకటుంది. ఇంట్లో పని కంటికి కనపడదు. నీళ్లు ఎక్కడి నుంచో వస్తాయి, మురుగు ఎక్కడికో పోతుంది, ఎంగిలి గిన్నెలు పొద్దున్నకి శుభ్రంగా బోర్లించి ఉంటాయి. బండిలో అలా జరగదు. పొయ్యికీ పడకకీ మధ్య రెండడుగులు. ఎవరు ఏం చేస్తున్నారో, ఎవరు చెయ్యట్లేదో అందరికీ కనపడుతూనే ఉంటుంది. అందుకే ఇంట్లో ఇరవై ఏళ్లుగా పంచుకోని పనిని బండిలో వారంలో పంచుకోగలిగాం. పంచుకోకపోతే మాత్రం ఆ ఇంటి ఇల్లాలు వంటింటిని వెంటేసుకుని కొండెక్కినట్టే. ఆమెకది సెలవు కాదు.

బండి ట్యాంకులో పట్టేదీ 120 లీటర్లే. అందుకే డ్రమ్ము సాధన మూడుసార్లు చేయండి. మాకు రెండోసారి రెండో రోజు సాయంత్రం దాకా నీళ్లు వచ్చాయి. మూడోసారి రెండు రోజులకి సరిపోయాయి. ఆ మూడు రాత్రులూ అందరూ ఒకే గదిలో పడుకోండి. ఎవరికి రాత్రి రెండుసార్లు మెలకువ వస్తుందో, ఎవరికి ఫ్యాను గాలి పడదో, ఎవరు ఫోను వెలుతురుతో పక్కవాళ్లని నిద్రపోనివ్వరో అప్పుడే బయటపడుతుంది. ఇలాంటివి ఊళ్లోనే తెలిస్తే మంచిది, 750 కిలోమీటర్ల అవతల కాదు. బండిని ఒక పూట ముందే తెచ్చుకుని ఇంటి ముందు నిలిపి అందరినీ ఎక్కించి దింపండి. మా బండి మెట్టు అత్తమ్మ మోకాళ్లకి అందలేదు. పూజ గదిలోని చెక్కపీటని వెంట తీసుకెళ్లాం. మేం పట్టుకెళ్లిన సామానంతటిలో ఎక్కువ పనికొచ్చింది ఆ పీటే.

బండి, దారి

బండి సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకెళ్తాను. సొంత వ్యానుకి మంచాలూ పొయ్యీ బిగించేసి మోటార్‌హోమ్ చేసుకుందామని చాలామందికి ఉంటుంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం ఆర్సీలో ఉన్న వివరాలకి భిన్నంగా బండిని మార్చకూడదు. 2019లో సుప్రీంకోర్టు కూడా ఆ మాటే ఖాయం చేసింది. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్సు దగ్గర కూడా చిక్కే. కాబట్టి మోటార్‌హోమ్‌గానే రిజిస్టరైన బండిని అద్దెకి తీసుకోండి. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండింటిలోనూ చెల్లే పర్మిట్ కాగితం స్వయంగా చూడండి. కేరళ 2021లో కారవాన్ పర్యాటకం మొదలుపెట్టింది. ఆ తర్వాత వాగమన్‌లో బళ్లు నిలిపే పార్కు కూడా వచ్చింది. మన కొండల్లో అలా నీళ్లూ కరెంటూ మురుగు గొట్టమూ ఒకే చోట దొరకడం అరుదు. ఏదైనా రిసార్టు ఆవరణలోనో, అడిగి అద్దె కట్టి ఎవరి పెరట్లోనో నిలుపుకోవాల్సిందే. ఆ మాట బయలుదేరకముందే ఫోనులో ఖాయం చేసుకోండి.

ఇబ్రహీంపట్నం నుంచి బొంగులూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కి, పెద్ద అంబర్‌పేటలో దిగితే విజయవాడ రోడ్డు. అక్కడి నుంచి విజయవాడ, రాజమండ్రి మీదుగా అనకాపల్లి. ఆ తర్వాత సబ్బవరం, కొత్తవలస, శృంగవరపుకోట. ఎస్.కోట దాటాక ఘాట్ మొదలవుతుంది. కార్లో ఒక్క రోజులో వెళ్లే దూరమే. బండిలో మాత్రం మూడు రోజులు పెట్టుకోండి. పొద్దు గూకేలోపు ఎక్కడో ఒకచోట ఆగిపోవాలి. శ్రీశైలం దారిలో మన్ననూరు దగ్గర రాత్రి తొమ్మిదికి అడవి గేటు వేసి పొద్దున ఆరింటికి తీస్తారు. అది పులుల కోసం పెట్టిన నియమం. పెద్ద బండితో కొత్త దారి పట్టినవాళ్లు ఏ గేటూ లేని చోట కూడా దాన్ని పాటిస్తే మంచిదని నా అభిప్రాయం.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న, నడివేసవిలో, చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. హైదరాబాదు మీదుగా వెళ్లి, 1831 సెప్టెంబరులో తిరిగొచ్చాడు. ఆయన కాశీయాత్ర చరిత్ర చదివితే మజిలీ మజిలీకీ దారి ఎలా ఉంది, నీళ్ల వసతి ఉందా, అంగళ్లు ఉన్నాయా అని రాసుకుంటూ పోయినట్టు కనిపిస్తుంది. దాదాపు రెండు వందల ఏళ్ల తర్వాత కూడా బండిలో కాపురం చేసేవాళ్లు రాసుకోవాల్సినవి అవే. మా పెద్దోడికి ఒక నోటుపుస్తకం ఇచ్చి, ఆగిన ప్రతి చోటా నీళ్లు, నీడ, మరుగుదొడ్డి, అంగడి అనే నాలుగింటి సంగతీ రాయమన్నాను. మూడో రోజుకి నేను గుర్తు చెయ్యకుండానే రాస్తున్నాడు.

ఘాట్‌లో ఏ గేరులో ఎక్కామో అదే గేరులో దిగాలన్నది లారీ డ్రైవర్ల మాట. బ్రేకు మీదే కాలు పెట్టి దిగితే బ్రేకులు వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఇరుకు చోట ఎదురుపడితే దిగే బండి ఆగి, ఎక్కే బండికి దారివ్వాలి. 2017 డ్రైవింగ్ నిబంధనల్లోనూ అదే ఉంది. బియ్యం, నీళ్ల క్యాన్లు, పనిముట్ల లాంటి బరువులు కింద సర్దండి, తేలికవి పైన పెట్టండి. మెలికల దారిలో వాంతులయ్యేవాళ్లు, పెద్దవాళ్లు ఉంటే ఇంకో దారి ఉంది. విశాఖ నుంచి కిరండూల్ వెళ్లే రైల్లో వాళ్లని అరకు పంపండి. ఆ దారిలో యాభైకి పైగా సొరంగాలు. అత్తమ్మ, చిన్నది అలాగే వెళ్లారు. మేం అరకు స్టేషనుకి చేరేసరికి ఇద్దరూ బెంచీ మీద కూర్చుని ఎన్ని సొరంగాలు దాటామన్న లెక్క తేలక వాదించుకుంటున్నారు.

చల్లదనం గురించి నిజం

అరకు దాదాపు 900 మీటర్ల ఎత్తు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే ఆరు డిగ్రీల పైచిలుకు చల్లబడుతుంది. మనం హైదరాబాద్ చుట్టుపక్కల ఇప్పటికే 500 మీటర్ల పీఠభూమి మీద ఉన్నాం. కాబట్టి ఎత్తు వల్ల మనకి దక్కే తేడా రెండు మూడు డిగ్రీలే. మే నెల మధ్యాహ్నం అక్కడా ఎండ కాస్తుంది. తేడా అంతా చెట్ల వల్లా, రాత్రుళ్ల వల్లా వస్తుంది. రాత్రి దుప్పటి కప్పుకోవాలనిపిస్తుంది. తెల్లవారుజామున కాఫీ తోటల మీద పొగమంచు దిగి ఉంటుంది. ఊటీ లాంటి చలిని ఆశించి వెళ్తే మొదటి మధ్యాహ్నమే డీలా పడతారు.

బండి పైకప్పు రేకు. ఎండలో నిలిపితే లోపల పొయ్యి మీద పెనమే. అందుకే నీడ వెతుక్కోవాలి. కానీ నీడలో నిలిపితే పైన ఉన్న సోలార్ పలకలకి ఎండ తగలదు. దీనికి మాకు దొరికిన ఉపాయం ఏమిటంటే, బండిని నీడలో ఉంచి, పొడవాటి వైరుతో ఒక విడి పలకని ఎండలో పరిచాం. మా బండిలో 12 వోల్టుల 200 ఆంపియర్ అవర్ బ్యాటరీ ఉండేది. అంటే నిండుగా ఉంటే రెండున్నర యూనిట్ల లోపు కరెంటు. చిన్న ఫ్రిజ్‌కి రోజుకి అర యూనిట్ దాకా, రెండు చిన్న ఫ్యాన్లకి కలిపి సుమారు అంతే, దీపాలకీ ఫోన్లకీ ఇంకొంచెం. ఏసీ వేస్తే గంటకే ఒక యూనిట్ పోతుంది. ఏసీని మేం మొదటి రోజే మర్చిపోయాం. ఫ్రిజ్‌లో మొదటి చోటు అత్తమ్మ ఇన్సులిన్‌ది, రెండోది పాలది. కూల్‌డ్రింకులకి చోటు లేదని చిన్నదానికి ఒకసారి చెప్తే సరిపోయింది. కారణం కళ్లెదురుగానే ఉంది కదా.

నీళ్లు

మేం నిలిపిన చోటికి పక్కనే ఒక టీకొట్టు. దాన్ని నడిపే ఆవిడకి అరవై ఏళ్లుంటాయి. వెళ్లిన పూట మా ఆయన ట్యాంకు నింపడానికి పైపు పట్టుకుని ఊరి కుళాయి దగ్గరికి వెళ్లారు. ఆవిడ గబగబా వచ్చింది. "బాబూ, ఈ ఊట మీదే ఊరంతా బతుకుతున్నాం. ఎండాకాలం దార సన్నబడిపోద్ది. రెండు బిందెలు పట్టుకోండి, ట్యాంకు మాత్రం అరకులో నింపుకోండి" అంది. గొంతులో కోపం లేదు. తన ఇంట్లోంచి రెండు బిందెలు తెచ్చి ఇచ్చింది.

ఆ మాట మీరు కూడా గుర్తు పెట్టుకోండి. కొండ మీద నీళ్లు పుష్కలంగా ఉంటాయని మైదానం వాళ్లం అనుకుంటాం. చాలా గిరిజన గ్రామాలకి కొండ ఊటే ఆధారం. అక్కడి నుంచి గొట్టం వేసి నీటిని ఊళ్లోకి దింపుకుంటారు. మే నెలలో ఊట సన్నగిల్లుతుంది. మన ట్యాంకు 120 లీటర్లంటే ఎనిమిది, పది బిందెలు. ఒక ఇంటి ఆడవాళ్లు దినమంతా కుళాయి దగ్గర కాచుకుంటే దొరికే నీళ్లవి. రెండు రోజులకోసారి టౌనుకి వెళ్లి డబ్బిచ్చి నింపుకొచ్చాం. ఆ వెళ్లిన పూటే కూరగాయలు, మందులు, ఫోను రీచార్జి అన్నీ చూసుకునేవాళ్లం.

అరవై లీటర్లతో రోజు ఎలా గడిచిందో చెబుతాను. స్నానం మనిషికి అర బకెట్టు, అంటే ఎనిమిది లీటర్లు. ఒళ్లు తడుపుకుని, చెంబు పక్కన పెట్టి, సబ్బు రుద్దుకుని, మళ్లీ పోసుకోవాలి. షవర్ విప్పకూడదు. తలస్నానం వారానికి రెండుసార్లు, అదీ వంతులవారీగా. అన్నం అడ్డాకుల విస్తళ్లలో తిన్నాం. అక్కడి సంతల్లో ఆడవాళ్లు కుట్టి తెచ్చి కట్టలుగా అమ్ముతారు. తిన్నాక పశువులకో ఎరువు గుంటకో పోతాయి. కంచాలు కడిగే నీళ్లు అన్నీ మిగిలాయి. వండిన గిన్నెని ముందు పాత గుడ్డతో తుడిచేసి, తర్వాత కొద్దిగా సబ్బు నీళ్లతో రుద్ది, చివర ఒకే బేసిన్ నీళ్లలో అన్నిటినీ జాడించాలి. కూరగాయలు కడిగిన నీళ్లు జాడించడానికి, జాడించిన నీళ్లు పాదాలు కడుక్కోవడానికి. గిన్నెల వంతు మొదట పెద్దోడికి పడింది. ఇంట్లో 30 లీటర్లు వాడిన నేను అక్కడ పన్నెండుకి తగ్గాను. వాడు తొమ్మిదిలో పూర్తి చేసి నాకు చూపించాడు.

వాడిన నీళ్లు పోయే గొట్టం కింద బకెట్టు పెట్టండి. మెతుకులు వడగట్టి, గెడ్డకి, అంటే వాగుకి, కనీసం 60 మీటర్ల దూరాన, ఒకే చోట గుమ్మరించకుండా చల్లండి. కుంకుడుకాయ సహజమే కదా అని గెడ్డలో దిగి తలంటుకోవద్దు. కుంకుడు రసం చేపలకి విషం.

మరుగుదొడ్డి సంగతి ఎవరూ రాయరు కాబట్టి నేనే రాస్తాను. బండిలో ఉండేది పెట్టె లాంటి తొట్టి. ఐదుగురు వాడితే రెండు రోజుల్లో నిండుతుంది. పగలు అందరం ఆవరణలోని దొడ్డికే వెళ్లాం. బండిలోది రాత్రిపూట అత్తమ్మకీ చిన్నదానికీ మాత్రమే. తొట్టిని సెప్టిక్ ట్యాంకు ఉన్న దొడ్డిలోనే ఖాళీ చెయ్యాలి, అదీ యజమానిని అడిగి. పొలంలో, తుప్పల్లో, గెడ్డలో ఒంపడం ఆ ఊరి మంచినీళ్లలో ఒంపడమే. ఆ పని మా ఆయన తీసుకున్నారు. పంతొమ్మిది రోజులూ ఒక్కసారి కూడా ఇంకొకరికి వదల్లేదు.

మూడో రోజు

ఇది రాయకపోతే ఈ అధ్యాయం అబద్ధమవుతుంది. మొదటి మూడు రోజులు వంటంతా నేనే చేశాను. పొద్దున ఉప్మా, పదింటికి టీ, మధ్యాహ్నం అన్నం పప్పు కూర, సాయంత్రం పకోడీ, రాత్రి చపాతీ. ఇంట్లో చేసినట్టే, ఇంటి వంటగదిలో నాలుగో వంతు చోటులో. మూడో రోజు సాయంత్రం చేతిలో ఉన్న గరిటె పొయ్యి పక్కన పెట్టి బండి దిగి, ఎదురుగా ఉన్న బండరాయి మీద కూర్చున్నాను. కాసేపటికి మా ఆయన వచ్చారు.

"ఏమైంది?"

"వచ్చి మూడు దినాలైంది. కొండ ఇంకా చూడలే నేను."

ఆయన చాలాసేపు ఏం మాట్లాడలేదు. లోపలికెళ్లి నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, అందరినీ పిలిచి కూర్చోబెట్టారు. ఆ కాగితం చివరి రోజు దాకా బండి తలుపుకి అంటించే ఉంది. నీళ్లు నింపడం ఆయన, పెద్దోడు. గిన్నెలు రోజు మార్చి రోజు పిల్లలు. ఎవరి పక్క వాళ్లే మడవాలి. రాత్రి వంట ఆయనది. పొద్దున పొయ్యి వెలిగించకూడదు. మధ్యాహ్నం వంట నాదీ అత్తమ్మదీ. పొద్దున ఐదున్నర నుంచి ఏడు దాకా నన్నెవరూ ఏదీ అడగకూడదు. ఈ చివరిది చిన్నది చెప్పి రాయించింది.

పొయ్యి రోజుకి రెండుసార్లే వెలగాలన్న నియమం వంట తీరునే మార్చింది. పొద్దున్నే చద్దన్నం, పెరుగు, ఉల్లిపాయ. లేదంటే రాత్రే కాచి పెట్టుకున్న జావ. అక్కడి వాళ్లు రాగుల్ని చోళ్లంటారు. టీకొట్టు ఆవిడ చోడి అంబలి మా జావకంటే పలచగా, పుల్లగా, ఎండకి హాయిగా ఉండేది. మధ్యాహ్నం ఒకే కుక్కర్‌లో కింద పప్పు, పైన గిన్నెలో బియ్యం. ఆ ఎత్తులో నీళ్లు 97 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. మూత లేని గిన్నెలో కందిపప్పు త్వరగా మెత్తబడదు, గ్యాస్ వృథా. అరగంట నానబెట్టి కుక్కర్‌లో ఒక కూత ఎక్కువ రానిస్తే సరి. మా ఆయన మొదటి రాత్రి వండిన పప్పు పలుకుగా ఉంది. అత్తమ్మ నమిలి నమిలి, "మంచిగుంది బిడ్డా" అంది. కొడుకు వండింది ఆమె తినడం అదే మొదటిసారి.

గ్యాస్ విషయంలో ఒక్క జాగ్రత్త కూడా వదలొద్దు. ఎల్పీజీ గాలికంటే బరువు. లీకైతే నేల మీద పేరుకుంటుంది. బండి అడుగున గాలి పోయే రంధ్రాలు ఉండాలి, వాటి మీద చాపలు, చెప్పులు పెట్టకూడదు. సిలిండర్ నిటారుగా, పట్టీతో బిగించి ఉండాలి. బండి కదిలేముందు వాల్వు కట్టెయ్యాలి. వాసనొస్తే స్విచ్ ముట్టుకోకుండా తలుపులు తీసి అందరూ దిగండి. చలిగా ఉందని బొగ్గుల కుంపటి లోపల పెట్టుకుని తలుపులు మూయడం ప్రాణం తీసే పని. ఆ పొగలోని కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన ఉండదు. నిద్రలోనే మనిషి పోతాడు.

గెడ్డ పక్కన

తొమ్మిదో రోజు చోటు మారుద్దామనిపించింది. కిలోమీటరు దూరంలో గెడ్డ ఒడ్డున చదునైన ఇసుక, పైన మామిడి నీడ. పిల్లలు పాదాలు నీళ్లలో పెట్టుకుని కూర్చోవచ్చు. నిలిపి, చక్రాల కింద రాళ్లు పెట్టి, చాప పరిచాం. మధ్యాహ్నం రెండింటికి ఆవుల్ని తోలుకొస్తున్న పెద్దాయన ఆగాడు. "ఇక్కడొద్దమ్మా. పైన మబ్బు పట్టింది" అన్నాడు. మా నెత్తిన ఎండ ఫెళ్లున కాస్తోంది. ఆయన చెయ్యెత్తి చూపించిన వైపు, దూరంగా కొండ వెనక, నల్లటి గీత లాంటిది కనిపించింది. మా ఆయన అన్నం తిని కదులుదామన్నారు. అత్తమ్మ మాత్రం పీట చేత్తో పట్టుకుని లేచి నిలబడింది. "ఆయన ఈడనే పుట్టిండు. మనం నిన్న వచ్చినం" అంది.

గుట్ట మీదికి తెచ్చి నిలిపాం. నాలుగింటికి ఈదురుగాలి, ఉరుములు. మా దగ్గర పడ్డది నాలుగు చినుకులే. ఐదు కాకముందే గెడ్డ ఎర్రటి నీళ్లతో, కొమ్మలూ ఆకులూ మోసుకుంటూ దిగింది. మేం చాప పరిచిన ఇసుక కనిపించలేదు. మామిడి మొదలు మోకాలి లోతు నీళ్లలో ఉంది. అది చూస్తుంటే పెద్దోడి చెయ్యి నా చేతిలోకి వచ్చింది. వాడు చిన్నప్పుడు అలా పట్టుకునేవాడు.

గెడ్డ ఒడ్డున రాత్రి ఉండొద్దు. వేసవి సాయంత్రాల్లో ఏజెన్సీలో పిడుగులు ఎక్కువ. ఒంటరి చెట్టు కింద నిలవకండి. బండిలోనే కిటికీలు మూసుకుని, ఇనుము తాకకుండా కూర్చోండి. మలేరియా ఉన్న ప్రాంతం కాబట్టి పొద్దు వాలగానే చేతులు కప్పే బట్టలు వేసుకోవాలి, దోమతెర లేకుండా పడుకోకూడదు. తిరిగొచ్చాక జ్వరమొస్తే ఎక్కడికి వెళ్లొచ్చారో డాక్టరుకి చెప్పండి.

ఊరివాళ్లు

అరకు గిరిజన ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదు. అక్కడ ఖాళీగా కనిపించే ప్రతి చోటికీ ఒక మనిషి ఉంటాడు. అది బీడు పెట్టిన చేను కావచ్చు, ధాన్యం తూర్పారబట్టే కళ్లం కావచ్చు, దేవత ఉన్న చెట్టు కావచ్చు. అడక్కుండా బండి నిలపొద్దు. ఎవరినైనా ఫొటో తీసేముందు కూడా అడగండి. చైత్రమాసంలో వెళ్తే ఇటుకల పండగ రోజులు తగలొచ్చు. ఆడవాళ్లు, పిల్లలు దారికి అడ్డంగా కర్ర పెట్టి పాడుతూ పండగ డబ్బులు అడుగుతారు. హారన్ మోగించకండి. చిల్లర దగ్గర పెట్టుకుని, దిగి, ఇచ్చి, కాసేపు నిలబడి చూడండి.

సంతకి తప్పకుండా వెళ్లండి, బేరం మాత్రం ఆడకండి. పనసకాయ, పసుపు, చింతపండు, కొండ చీపుళ్లు నెత్తిన పెట్టుకుని మైళ్లు నడిచొచ్చి అమ్ముతారు. మా చిన్నది అక్కడ మిరియాల తీగ కొమ్మ చూసి ఆశ్చర్యపోయింది. దానికి మిరియాలంటే ప్యాకెట్టే. మర్నాడు టీకొట్టు ఆవిడ దాన్ని తోటలోకి తీసుకెళ్లి, సిల్వర్ ఓక్ మానుకి పాకిన తీగనీ, ఆ నీడలో పెరిగే కాఫీ మొక్కల్నీ చూపించింది. కాఫీ కాయలు అప్పటికి పచ్చగా, మిరియం గింజంతే ఉన్నాయి. పండి ఎర్రబడి కోతకొచ్చేది చలికాలానికే.

బయలుదేరేముందు

ఘాట్ దిగేముందు నీళ్ల ట్యాంకు ఖాళీ చెయ్యాలి. సగం నిండిన ట్యాంకులో నీళ్లు మలుపు మలుపుకీ అటూ ఇటూ కొట్టుకుని బండిని ఊపేస్తాయి. చక్రాల కింది రాళ్లు తీసిన చోట పెట్టాలి. చెత్త సంచి మన వెంటే కిందికి రావాలి. మా చాప పరిచిన మేర గడ్డి పసుపు రంగుకి తిరిగిపోయింది. ప్రతి నాలుగు రోజులకీ చాప జరిపి ఉంటే అలా అయ్యేది కాదు. మీరు జరపండి.

చివరి రోజు పొద్దున ట్యాంకులో దాదాపు 40 లీటర్లు మిగిలాయి. కాగితంలో నాకు రాసిన వేళలో నేను నడకకి వెళ్లి తిరిగొస్తున్నాను. దూరం నుంచే కనిపించారు. మా ఆయన బండి కింద కూర్చుని గొట్టం విప్పుతున్నారు. పెద్దోడు, చిన్నది టీకొట్టు ఆవిడ ఇచ్చిన ఆ రెండు బిందెల్నే చెరొకటి పట్టుకుని, ఒలకకుండా చిన్నచిన్న అడుగులేస్తూ, టీకొట్టు వెనక దూడ కోసం పెట్టిన రాతి తొట్టి దాకా మోస్తున్నారు. అత్తమ్మ పీట మీద కూర్చుని లెక్కపెడుతోంది. మూడో బిందె పోయగానే దూడ తల వంచింది.